దొడ్డమ్మ వేసిన పొగ

దొడ్డమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున లంక నుంచి ఫోనొచ్చింది. ఎత్తింది మా ఆయన. "ఆయ్... ఎప్పుడండీ... ఆయ్" అని మూడు ముక్కలు మాట్లాడి, ఫోను నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అవతల మాట్లాడింది దొడ్డమ్మ కూతురు. తెల్లారి లేచి, కాఫీ తాగి, "పాలల్లో నీళ్ళా, నీళ్ళల్లో పాలా ఈడు పోసింది" అని పాలవాడిని తిట్టి, గోడకి ఆనుకుని కూర్చుని అలాగే పోయిందట. ఏడుస్తున్నదాన్ని ఆ మాటకి నవ్వేశాను. చివరి శ్వాస దాకా వంటింటి మీద అధికారం వదలని మనిషి ఆవిడ.

బట్టలు సర్దుకుని పెరట్లోకి వెళ్తే మా ఆయన పాత గోనెసంచి ఒకటి దులిపి మడత పెడుతున్నాడు. చావుకి గోనెసంచి ఎందుకయ్యా అని అడగబోయి, ఆయన మొహం చూసి నా సంచి నోరు తెరిచి పట్టాను.

నిజానికి ఆవిడ నాకు దొడ్డమ్మ కాదు. మా అమ్మకి అక్కలే లేరు. మాది గోదావరి గట్టు మీద ఊరు, ఆవిడది ఏటి మధ్య లంక. అక్కడ ఒకరి మొహం ఒకరు ఎరగం. మేం కలిసింది ఖోర్ ఫక్కాన్‌లో, సముద్రానికీ కొండకీ మధ్యనున్న ఒక అరబ్బు ఇంటి వంటింట్లో. ఊళ్ళో వాళ్ళకి అది కూడా దుబాయే. నేను వెళ్ళేసరికి ఆవిడ అక్కడ నాలుగేళ్ళ పాతకాపు. మొదటి రోజు నన్ను కిందికీ పైకీ చూసి, "ఏ రేవు దగ్గరే మీది?" అని అడిగింది. చెప్పాను. "అయితే మనోళ్ళే. నన్ను దొడ్డమ్మా అను. మేడమ్ అన్నావంటే గరిట తిరగేత్తాను" అంది. అంతే, చుట్టరికం కుదిరిపోయింది.

ఆ ఇంటి యజమానిని, అంటే మా కఫీల్‌ని, మేం బాబా అనేవాళ్ళం. ఆయన తల్లి ముసలావిడ. ఇంట్లో పిల్లలు ఆమెని యద్దూ అని పిలిచేవారు, అంటే నాన్నమ్మ. మాకూ యద్దూనే. మోకాళ్ళ నొప్పులతో వాకిలి దాటేది కాదు. ఆమెకి తెలుగు రాదు, దొడ్డమ్మకి పని మాటలు తప్ప అరబ్బీ రాదు. అయినా సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చుని గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "కోడళ్ళ గురించేలే, దానికి బాసెందుకు?" అనేది దొడ్డమ్మ. యద్దూకి అన్నంలో చింతపండు పులుపు అలవాటు చేసిందీ ఆవిడే. బాబాకి తెలియకుండా చారు ఒక గిన్నెలో పక్కన దాచేది.

ఆవిడకి ఇంకో అలవాటుండేది. పనికొచ్చేది ఏదీ పారేయదు. నిమ్మ తొక్కలు, తాళ్ళ ముక్కలు, బియ్యం గోనెలు, ఎండిన ఖర్జూరపు మట్టలు, అన్నీ మేకల పాక వెనక పోగు పడేవి. "ఎందుకు దొడ్డమ్మా ఈ చెత్త?" అంటే, "పనొచ్చినప్పుడు అడుగుదువుగాని" అనేది. ఆ పోగుకి పనొచ్చింది నా వల్లే.

మా ఆయన నాకంటే ముందే దుబాయ్ వెళ్ళాడు. ఊళ్ళో రేవు పడవ నడిపేవాడు. అక్కడ లంగరేసిన పెద్ద ఓడలకి మంచినీళ్ళూ కూరగాయలూ అందించే లాంచీలో పని. ఇద్దరూ ఒకే దగ్గర ఉంటారని ఏజెంటు చెప్పిన మాట విమానం దిగేదాకానే. పద్నాలుగు నెలల్లో ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనకి రాయడం రాదు, లాంచీలో తోటి పనివాడు ఒకడు రాసిపెట్టేవాడు. చివరి ఉత్తరంలో ఇలా ఉంది: "ప్రతి శుక్రవారం పొద్దున మీ ఊరి ముందున్న దీవి వెనక నుంచి పోతాం. కొండ మీద బురుజు కనపడుతుంది. దాని కిందెక్కడో నువ్వు అంట్లు తోముతున్నావనుకుంటాను. మా లాంచీ ఆకుపచ్చది, వెనక నీళ్ళ డ్రమ్ములుంటాయి." ఆ తర్వాత నాలుగు నెలలు ఉత్తరం లేదు.

అవి దూరంగా ఎక్కడో యుద్ధం జరుగుతున్న రోజులు. ఓడలు గల్ఫు లోపలికి వెళ్ళడానికి జంకి మా ఊరి ముందు బారులు తీరి నిలబడేవి. ఫలానా ఓడకి దెబ్బ తగిలిందట అని చేపలమ్మేవాడు చెప్పినప్పుడల్లా నా చేతిలో గిన్నె జారేది. మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే ఆ లాంచీలోనే ఉన్నాడో, నన్ను మరిచిపోయాడో అసలే తెలియదు. అన్నం సహించేది కాదు. మూడు రోజులు చూసి దొడ్డమ్మ నా ముందు కంచం పెట్టి కూర్చుంది.

"మీ ఆయన పడవోడా కాదా?"

"పడవోడే."

"అయితే ఉత్తరమెందుకే? మన రేవుల్లో పడవ అవతలి గట్టునుంటే ఏం సేత్తాం? పచ్చాకులు మండేసి పొగేత్తాం. అవతలోడు సూత్తాడు. ఆడూ ఓ పొగేత్తాడు. తడి గోనె కప్పి తీత్తే ఆ పొగ రెండు ముక్కలవుద్ది. రెండు ముక్కలయ్యిందంటే పడవ బయల్దేరినట్టే. అల్లుడికి ఇది కొత్తా?"

"కొత్త కాదు... కానీ ఇక్కడా?"

"ఇక్కడైతే ఏం, పొగ కిందకి పోద్దా? నోరు అందినంత మేరా అడగాలి, నోరు అందకపోతే పొగెయ్యాలి. శుక్రవారం పొద్దున బురుజెక్కేద్దాం. తిను ముందు."

నేను కంచం ఖాళీ చేశాను. పద్నాలుగు నెలల్లో అంత ఆకలి ఎప్పుడూ వేయలేదు.

శుక్రవారం తెల్లవారుజామున నమాజు అయ్యాక ఇల్లంతా మళ్ళీ పడుకునేది. మేకల్ని కొండవాలుకి తోలుకెళ్ళడం దొడ్డమ్మ పనే కాబట్టి గేటు దాటడానికి ఇబ్బంది లేదు. ఆవిడ నెత్తిన మట్టల మోపు, నా నెత్తిన పచ్చి మట్టలూ తడిపిన గోనె, మా వెనక ఆరు మేకలు. గోనె లోంచి నీళ్ళు కారి నా జాకెట్టు వీపంతా తడిసింది. చలి తెలియలేదు.

కొండ పెద్దదేం కాదు, అరగంట ఎక్కుడు. కానీ అదంతా పెళుసు రాయి, అడుగేస్తే జర్రున జారేది. దారి అంటూ లేదు, మేకలు ఎటు పోతే అటే మేమూ. సగంలో నా హవాయి చెప్పు వారు ఊడిపోయింది. దొడ్డమ్మ తన జాకెట్టు నుంచి పిన్నీసు తీసి గుచ్చి, "నడువు, మొగుడి దగ్గరికి చెప్పుల్లేకుండా ఎల్తావా" అంది. ఆవిడది భారీ ఒళ్ళు. పది అడుగులకోసారి ఆగేది. ఆయాసమా దొడ్డమ్మా అంటే ఒప్పుకునేది కాదు.

"ఆయాసం కాదే, సముద్రం సూత్తన్నాను."

నిజంగానే చూడవలసిన సముద్రం. వంటింటి కిటికీలోంచి నాకు కనిపించేది పక్కింటి గోడే. ఒక్కో మలుపు ఎక్కుతుంటే ఒక్కో బారు నీళ్ళు పైకి లేచొచ్చాయి. తెల్ల ఇసుక, వంపు తిరిగిన తీరం, దీవి, దాని వెనక నిలబడిన ఓడలు. లెక్కపెట్టబోయి ముప్పై దాకా వచ్చి వదిలేశాను. భయమో ఆనందమో తెలియక ఊరికే నవ్వొస్తోంది. దొడ్డమ్మా నవ్వుతోంది. ఇద్దరు ఆడాళ్ళం నెత్తి మీద మోపులతో పిచ్చివాళ్ళలా నవ్వుకుంటూ కొండెక్కాం.

బురుజు గుండ్రంగా, రాయీ మట్టీ కలిపి కట్టింది, రెండు నిలువుల ఎత్తు. తలుపు నేల మీద లేదు, నా తల కంటే పైన ఉంది. నిచ్చెన ఎప్పుడు పోయిందో ఏమో. బయట సముద్రం వైపు రాళ్ళు పేర్చిన గుండం ఒకటి, లోపలంతా నల్లగా మసి. దొడ్డమ్మ చేత్తో తడిమి చూసి, "ఇది పొయ్యే! పాపం, కావలోడు ఇక్కడే వండుకునేవోడు కావోలు" అంది. వంటమనిషి కదా, మసి కనిపిస్తే పొయ్యి అనే అనుకుంటుంది. ఆ మసి అన్నం వండిన మసి కాదని మాకు ఆ తర్వాత తెలిసింది.

ఎండు మట్టలు పేర్చి అగ్గిపుల్ల గీసింది. మంట అందుకున్నాక పచ్చివి వేసింది. ముందు పొగ నేల మీదే పాకి మా కళ్ళలోకి వచ్చింది. దొడ్డమ్మ కొంగుతో విసిరింది, తిట్టింది, మళ్ళీ విసిరింది. ఒక్కసారిగా తెల్లటి పొగ తాటిచెట్టంత లేచింది.

"అదుగో!" అని అరిచింది నేనే. దక్షిణాన కల్బా ఊరి వైపు నుంచి ఆకుపచ్చ లాంచీ ఒకటి, వెనక డ్రమ్ములతో, దీవి వైపు పోతోంది. పైనుంచి అగ్గిపెట్టంత ఉంది. దాని మీద మనుషులు ఉన్నారో లేరో కూడా ఆనలేదు. నేను చీర కొంగు ఊపాను, అరిచాను. అక్కడికి నా గొంతు ఎలా వినిపిస్తుంది? లాంచీ నిదానంగా పోతూనే ఉంది. పోయి పోయి దీవి వెనక్కి దాటిపోయింది.

నేను కింద కూలబడ్డాను. "లేడు దొడ్డమ్మా. ఉంటే చూడడా?"

"నోర్ముయ్. గోనె ఇలా తే."

ఆవిడ గోనెతో విసిరి పొగ ఇంకా పైకి లేపింది. అప్పుడే కింద ఊళ్ళోంచి గోల వినిపించింది. ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చి కొండ వైపు చేతులు చూపిస్తున్నారు. ఒక ముసలాయన ఇద్దరు పిల్లల్ని రెక్క పుచ్చుకుని ఖర్జూర తోటల వైపు లాక్కుపోతున్నాడు. తీరానికి వస్తున్న చేపల పడవలు నాలుగూ నడి సముద్రంలో ఆగిపోయాయి. మా ఇంటి వైపు నుంచి తెల్లబట్టల వాళ్ళు ముగ్గురు నలుగురు కొండెక్కుతున్నారు. ముందున్నది బాబా. జుబ్బా మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని, చెప్పుల్లేకుండా, చేతిలో కర్రతో.

నా పని అయిపోయిందనుకున్నాను. మొగుడూ దొరకలేదు, ఉద్యోగమూ పోయింది.

బాబా వగరుస్తూ పైకి చేరాడు. "క్యా కియా తుమ్? పూరా బలద్ ఖరాబ్! పాగల్ హై తుమ్ దోనో!" అని ఊరంతా గడబిడ చేశారని అరుస్తున్నాడు. దొడ్డమ్మ వెనక్కి తిరిగి చూడనైనా లేదు. దీవి మీదే కళ్ళు పెట్టి, వెనక్కి చెయ్యి చాపి, అరచెయ్యి అడ్డంగా చూపించి, అచ్చ తెలుగులో, "ఆగు బాబూ, ఒక్క నిమిసం" అంది. అన్నం కోసం మారాం చేసే పిల్లాడితో అన్నట్టే అంది. ఆశ్చర్యమేంటంటే బాబా ఆగాడు.

దీవి అవతలి కొస నుంచి లాంచీ బయటపడింది. దాని వెనక సన్నగా పొగ. ఇంజను పొగేమో అనుకున్నాను. ఆ పొగ ఒక్కసారి తెగిపోయింది. మళ్ళీ లేచింది. నీలం ఆకాశంలో రెండు ముక్కలు, స్పష్టంగా.

"రెండయ్యిందే! ఒత్తన్నాడే! బయల్దేరేడే నీ మొగుడు!" దొడ్డమ్మ నన్ను గట్టిగా వాటేసుకుంది. నేను ఏడ్చాను, గెంతాను, ఊపులో బాబా చెయ్యి కూడా పట్టుకుని ఊపేసినట్టు గుర్తు. ఆయన కర్ర కింద పెట్టి ఆ పొగ వంకా మా వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

అయితే కోపం పోలేదు. కిందికి వచ్చాక వాకిట్లో నిలబడి, "ఖలాస్! టికెట్! దోనో ఇండియా!" అనేశాడు. అరుగు మీద యద్దూ కూర్చుని ఉంది. ఆమె మొహం పాలిపోయి ఉంది, చేతిలో తన బురఖా గట్టిగా పట్టుకుని ఉంది. కొడుకు మాటకి అడ్డం వచ్చి దొడ్డమ్మని ఒకటే అడిగింది. "మిను యాయ్?" ఎవరొస్తున్నారు అని.

దొడ్డమ్మ తనకొచ్చిన అరబ్బీ అంతా పోగుచేసి, నన్ను ముందుకి తోసి చెప్పింది. "రజ్జాల్ మాల్ హాదా బింత్." ఈ పిల్ల మొగుడు.

యద్దూ ఒక్క క్షణం బిత్తరపోయి చూసింది. తర్వాత మొదలెట్టింది నవ్వు. కళ్ళ నీళ్ళు కారేదాకా, దగ్గు వచ్చేదాకా, దొడ్డమ్మ వీపు రాసేదాకా నవ్వింది. అప్పుడు కొడుక్కి చెప్పింది, కొడుకు మాకు హిందీలో చెప్పాడు. ఆమె చిన్నప్పుడు ఆ బురుజులో కావలివాళ్ళు ఉండేవారట. సముద్రం మీద కొత్త పడవలు కనిపిస్తే, దోచుకునేవాళ్ళేమోనని ఆ గుండంలో మంట వేసేవారు. ఆ పొగ చూస్తే పడవలు ఒడ్డుకి రాకూడదు, ఆడాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని తోటల్లోకి పరిగెత్తాలి. ఒకసారి వాళ్ళమ్మ ఆమెని చంకనేసుకుని పరిగెత్తడం ఆమెకి గుర్తుంది. ఈరోజు పొద్దున కిటికీలోంచి ఆ పొగ చూసి, పరిగెత్తడానికి మోకాళ్ళు రాక, మనవల్ని పిలుచుకుని కూర్చుందట.

మా దగ్గర "రా" అనే పొగకి వాళ్ళ దగ్గర "పారిపో" అని అర్థం. అది విని దొడ్డమ్మ మొహం తెల్లబోయింది. ఆవిడ సిగ్గుపడగా నేను చూసింది అదొక్కసారే. యద్దూ కాళ్ళ దగ్గర కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. యద్దూ ఆవిడ మసి చెంపలు తుడిచి, కొడుకు వైపు తిరిగి కసిరింది. ఆ మాటలు నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు. బాబా తర్వాత చెప్పాడు: "ఆ పొగకి నా జన్మలో మొదటిసారి మంచి మనిషి వస్తున్నాడు, అన్నం ఎక్కువ వండించు." టికెట్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మా ఆయన సాయంత్రం వచ్చాడు. తిరుగు దారిలో లాంచీ నడిపే సరంగుని బతిమాలుకుంటే రేవులో దింపాడట. నల్లగా మాడిపోయి, గోనెలో చుట్టిన పెద్ద వంజరం చేపతో గేటు దగ్గర నిలబడ్డాడు. పద్నాలుగు నెలల తర్వాత చూసిన మొగుణ్ణి నేను మొదట అన్న మాట, "ఉత్తరం రాయించడానికి ఏం రోగం?"

"రాసిపెట్టేవోడు ఊరెల్లిపోయాడే. పెళ్ళానికి సెప్పే మాటలు కొత్తోడికెలా సెప్పను?"

"పొగ నాదేనని ఎలా తెలుసు?"

"సరంగు అడిగాడు, అదేం పొగ అని. మా ఊరి రేవు పిలుత్తంది అన్నాను."

దొడ్డమ్మ వంటింట్లోంచి, "ఏం అల్లుడా, దీవి దాటేదాకా నిద్రోయావా? ఎంత పొగేశాను!" అని కేకేసింది. నిద్ర కాదట, లాంచీలో తడి గోనె వెతుక్కునేసరికి ఆలస్యమైందట.

ఆ తర్వాత నేనున్న మూడేళ్ళూ నెలకో శుక్రవారం మేం కొండెక్కేవాళ్ళం. ఆ రోజు బాబా ముందుగా తీరానికి వెళ్ళి, "ఇవాళ మా వంటింటి పొగ వస్తుంది, కంగారు పడకండి" అని పడవల వాళ్ళకి చెప్పి వచ్చేవాడు. దొడ్డమ్మ ఆయాసం కాదని చెబుతూనే ఎక్కేది. తన మొగుడు ఎప్పుడో పోయాడు. ఆవిడ పొగకి జవాబిచ్చేవాడు ఆ సముద్రం మీద ఎవడూ లేడు. అయినా నాకంటే ముందు రెండో ముక్క ఆవిడకే కనిపించేది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. నాకు మొగుణ్ణి తెచ్చిచ్చిన మనిషికి నేను మళ్ళీ ఏమిచ్చానా అని చూస్తే, ఏడాదికోసారి లంకకి వెళ్ళి ఆవిడ చేత తిట్లు తిని రావడమే.

మొన్న మంగళవారం మధ్యాహ్నానికి లంకకి దాటే రేవు చేరాం. నాలుగింటికి శవాన్ని తీస్తారని చెప్పారు. పడవ అవతలి గట్టున ఉంది. ఇవతల మాతో పాటు ఇంకో పదిమంది, అందరి చెవుల దగ్గరా ఫోన్లు. పడవవాడు ఎత్తడం లేదు, వాడూ దొడ్డమ్మ ఇంటి దగ్గరే ఉండి ఉంటాడు. మూడు దాటింది. కడచూపు దక్కదేమోనని నేను గట్టు మీద అటూ ఇటూ తిరిగాను.

మా ఆయన కుంటి మోకాలితోనే వెళ్ళి గట్టు మీద రాలిన కొబ్బరాకులు ఈడ్చుకొచ్చాడు. సంచిలోంచి గోనె తీసి ఏట్లో ముంచాడు.

"ఆవిడకి సెప్పి ఎల్లాలి కదే, వత్తన్నామని" అన్నాడు.

చుట్టూ ఉన్న వాళ్ళు వింతగా చూశారు. పొగ ముందు నేల మీదే పాకింది. నేను కొంగుతో విసిరాను, తిట్టాను, మళ్ళీ విసిరాను. అది లేచాక గోనె కప్పి తీశాం. తర్వాత ఇద్దరం అవతలి గట్టు వైపు చూస్తూ నిలబడ్డాం.

చాలాసేపటికి కొబ్బరి చెట్ల మీదుగా తెల్లగా పొగ కనిపించింది. ఆవిడ కూతురో మనవరాలో అయి ఉంటుంది, అందరికీ నేర్పించే ఉంటుంది. ఆ క్షణంలో మాత్రం నాకు ఆ పేర్లేవీ తట్టలేదు. మసి చెంపలతో, కొంగు విసురుతూ, ఆయాసం కాదంటూ ఆవిడే అక్కడ నిలబడి ఉందనుకున్నాను.

పొగ ఆగింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మళ్ళీ లేచింది.